గీత మీది టిక్కు

సుబేదారిలో మా ఇంజనీర్ల సంఘం భవనం
కట్టింది ఇంజనీర్లే,
అందుకే కురుస్తది.
మూడు చోట్ల బకెట్లు పెట్టి
కార్యవర్గం ఎన్నిక మొదలుపెట్టినం.

ఓట్ల పెట్టె లేదు.
మట్టి నమూనాలొచ్చే రేకు డబ్బాకి మూత కోసినం.
"నల్లరేగడి, తొమ్మిది అడుగుల లోతు"
అన్న చీటీ ఎంత గీకినా ఊడలేదు.

నామినేషన్ల నుంచి లెక్కింపు దాకా ఇరవై ఎనిమిది రోజులు.
కాంక్రీటుకైనా మేమిచ్చే గడువంతే,
ఆ తర్వాతే నొక్కి చూస్తం
ఎంత బరువుకి పగులుతదో.

ఇరవై ఒక్క ఏండ్లు ఏకగ్రీవం.
ఎస్.ఇ. గారింట్లో చాయ్ తాగి లేచేసరికి
పేర్లన్నీ టైపై ఉండేవి.
ఈసారి క్వాలిటీ కంట్రోల్ స్వరూపరాణి
ఆఖరి రోజు నాలుగూ యాభైకి
తడిసిన హెల్మెట్ చంకల పెట్టుకొని వచ్చి
అధ్యక్ష పదవికి కాగితమేసింది.
పరకాల దగ్గర ఒక తూము
పగలగొట్టించి మళ్లీ పోయించిన మనిషి.
ఆ కాంట్రాక్టరు ఎవరి తోడల్లుడో నేను రాయను.

ఎదురు నిలబడింది పురుషోత్తం సార్.
మంచోడే.
మా అమ్మకు ఆపరేషన్ అయిన రాత్రి
ఎంజీఎం దవాఖాన మెట్ల మీద
రెండింటి దాకా రక్తం సీసా కోసం నిలబడ్డడు.
నా ప్రమోషన్ ఫైలు
ఆయన టేబులు మీదనే ఉన్నది, అది వేరే మాట.

ఎన్నికల అధికారిని నేను.
ఎవరికీ భయం లేనంత చిన్నవాణ్నని
ఇద్దరూ ఒప్పుకున్నరు.

సాయంత్రం ఆరు.
ఆయనకు నూటపదకొండు.
ఆమెకు నూటపదకొండు.
డబ్బా అడుగున ఒకటి మిగిలింది.
విప్పితే, టిక్కు సరిగ్గా గీత మీద
పొట్టి కాలు ఆయన గడిలో,
పొడుగు తోక ఆమె గడిలో.

మామూలు జనమైతే కొట్లాడుకుందురు.
మేం స్కేళ్లు తీసినం.
జనగామ డి.ఇ. టిక్కుకు గరిమనాభి గుర్తించిండు.
ఒకాయన ఫోన్ల ఫొటో పెద్దది చేసి
ఇంకు మందం కొలిచిండు.
ఒక లెక్కలో ఆయన మిల్లీమీటరున్నర గెలిచిండు,
ఇంకో లెక్కలో ఆమె.
ఎవరి లెక్కా తప్పు కాదు.
ఏ జవాబు కావాల్నో ముందే తెలిస్తే
లెక్క తప్పు పోదని
నౌకరిల చేరిన నెలకే నేర్చుకున్నం గద.

రిటైరైన ఓదెలు సార్
మూలకు బకెట్ మారుస్త అన్నడు:
"మెజర్‌మెంటు బుక్కుల గీత జానెడు జరిపినప్పుడు
ఇన్ని స్కేళ్లు బయటికి రాలేదేందిరా?"
ఎవరూ నవ్వలేదు.
ఖాళీ బకెట్ల కొత్త చప్పుడు,
టప్పు, టప్పు.

నేను ఆ కాగితమే చూస్తున్న.
అందరిలాంటి నల్ల ఇంకే.
కానీ టిక్కు మొదట్ల ఒక చుక్క
పెన్ను కదలక చానసేపు ఆగితే పడే చుక్క.
పొద్దున పదీ పదికి, పరదా వెనక,
సీసా యాదికొచ్చింది,
తూము యాదికొచ్చింది.
బయట ఎవరో దగ్గిండ్రు.
చెయ్యి కదిలింది.

ఓటు రహస్యమన్నరు.
ఎవరికేసిన్నో
నాకు సుత రహస్యమే.

"చెల్లదు" అన్న.
నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

సమానమైతే చీటీ.
వాచ్‌మన్ బిడ్డ, ఏడేండ్లది,
స్టీలు గిలాసల చెయ్యి పెట్టి తీసింది.
స్వరూపరాణి.
ఆమె మొదలు కప్పు దిక్కు చూసింది,
తర్వాత బకెట్ల దిక్కు.

పురుషోత్తం సార్ అందరికీ చేతులు కలిపి
నా దగ్గర ఆగి భుజం తట్టిండు:
"నీ ఓటు నాదేనని నాకు తెలుసు బిడ్డా."

ఆయన కారు అదాలత్ దిక్కు మళ్లేదాక
నేను తల ఎత్తలేదు.
ఫలితాల కాగితంల అన్నీ నింపిన.
పోలైనవి రెండువందల ఇరవై మూడు.
చెల్లనివి ఒకటి.
కింద సంతకం పెట్టాలె.

పెన్ను ఆనించిన.
కదలలేదు.
కాగితం మీద
మెల్లగ, గుండ్రంగ,
మళ్లీ అదే చుక్క.